మెటాలికా బ్లాక్‌లిస్ట్: ఈ 53 పాటల్ని ఎలా వినాలి

ముందే చెప్పేస్తున్నాను, 'ది మెటాలికా బ్లాక్‌లిస్ట్' ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినకండి. చాలామంది అదే చేస్తారు. యాప్‌లో ప్లే నొక్కి ఫోన్ పక్కన పెట్టేస్తారు, నాలుగో పాటో ఐదో పాటో వచ్చేసరికి "ఒకే పాట మళ్ళీ మళ్ళీ వేస్తున్నారేంటి" అని ఆపేస్తారు. నిజమే, అందులో మొదటి ఆరు ట్రాకులూ 'ఎంటర్ శాండ్‌మ్యాన్' అనే ఒకే పాట. ఆ తర్వాత ఏడు ట్రాకులు 'శాడ్ బట్ ట్రూ'. ఇంకాస్త ముందుకెళ్తే 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' ఏకంగా పన్నెండుసార్లు వస్తుంది. మొత్తం 53 ట్రాకులు, నాలుగు గంటల పైమాటే. ఒక్క సిట్టింగ్‌లో అయ్యే పని కాదు. కానీ కొంచెం పద్ధతిగా వింటే, ఒక పాట దేనిమీద నిలబడుతుందో, ఏది తీసేస్తే కూలిపోతుందో, ఏది తీసేసినా చెక్కుచెదరదో ఇంత బాగా నేర్పే రికార్డు నాకు ఇంకోటి కనిపించలేదు. ఆ పద్ధతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా 1991 ఆగస్టులో తన పేరే పెట్టి ఒక ఆల్బమ్ విడుదల చేసింది. అట్ట అంతా నలుపు, ఒక మూలన కనీకనిపించకుండా చుట్ట చుట్టుకున్న పాము, అందుకే అందరూ దాన్ని బ్లాక్ ఆల్బమ్ అంటారు. పన్నెండు పాటలు, గంట పైన రెండు నిమిషాలు. అమెరికాలోనే కోటీ అరవై లక్షల కాపీలు దాటి అమ్ముడైంది. దానికి 30 ఏళ్ళు నిండిన సందర్భంగా 2021 సెప్టెంబర్ 10న బ్లాక్‌లిస్ట్ వచ్చింది. ఇందులో పాటలు మెటాలికావి, పాడింది వాయించింది మాత్రం అతిథులు, ప్రపంచం నలుమూలల నుంచి, రాక్‌తో సంబంధం లేనివాళ్ళు కూడా. వచ్చిన డబ్బులో కొంత మెటాలికా వాళ్ళ 'ఆల్ వితిన్ మై హ్యాండ్స్' ఫౌండేషన్‌కి, మిగతాది ఒక్కో ఆర్టిస్టు ఎంచుకున్న సేవాసంస్థకి వెళ్ళేలా ఏర్పాటు చేశారు.

ఇక పద్ధతి. అసలు ఆల్బమ్ వినకుండా బ్లాక్‌లిస్ట్ జోలికి వెళ్ళొద్దు. ఇది చిన్నప్పటి నుంచి మెటాలికా వింటున్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది, ఎందుకంటే మనకి ఆ పన్నెండింట్లో నాలుగో ఐదో బాగా తెలుసు, మిగతావి "విన్నట్టే ఉంది" బాపతు. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2011 అక్టోబర్ 30న మెటాలికా వాయించినప్పుడు హైదరాబాద్ నుంచి బస్సులెక్కి వెళ్ళిన వాళ్ళని అడిగినా 'ది స్ట్రగుల్ వితిన్' ఎలా మొదలవుతుందో తడుముకుంటారు. కాబట్టి ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పాటలు దాటేయకుండా మొత్తం వినండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, బేస్ అస్సలు తెలీదు, ఈ ఆల్బమ్‌లో సగం బలం అక్కడే ఉంది. నిర్మాత బాబ్ రాక్ బ్యాండ్‌లోని నలుగురినీ విడివిడిగా కాకుండా ఒకే గదిలో కలిసి వాయించమని పట్టుబట్టాడు, మిక్సింగ్ మూడుసార్లు చేశారు, ఖర్చు పది లక్షల డాలర్ల దాకా అయింది. ఆ ఖర్చంతా డ్రమ్ము దెబ్బ బరువులో వినిపిస్తుంది. సాహిత్యం పక్కన పెట్టుకుని వింటే ఇంకా మంచిది, ఎందుకంటే తర్వాత అతిథులు మాటల్ని ఎలా పలికారో చూడాలంటే అసలు మాటలేంటో మనకి తెలిసుండాలి.

రెండోది, యాప్‌లో కొన్ని సెట్టింగులు. ఆల్బమ్ పేజీ నుంచి కాకుండా మీ సొంత ప్లేలిస్ట్ తయారు చేసుకోండి: అసలు పాట, వెంటనే దాని ఒక అతిథి వెర్షన్, మళ్ళీ అసలు పాట, ఇంకో వెర్షన్. షఫుల్ ఆపేయండి, క్రాస్‌ఫేడ్ సున్నాకి పెట్టండి, లేకపోతే ఒక పాట తోక ఇంకో పాట తలలో కలిసిపోతుంది. స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్, యాపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్ చేసి ఉంచండి, ఇవి పాటలన్నిటి వాల్యూమ్‌నీ ఇంచుమించు ఒకే స్థాయికి తెస్తాయి. మామూలుగా నేను వీటిని వాడమని చెప్పను గానీ, పోల్చి వినేటప్పుడు మాత్రం తప్పదు, కాస్త గట్టిగా వినిపించే పాటే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది. వాల్యూమ్ తేడాని ప్రతిభలో తేడా అనుకునే ప్రమాదం చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం, ఏం వినాలి. సినిమా పాటలతో పెరిగిన మనకి ముందు గొంతు మీదికే చెవి పోతుంది, ఎవరు పాడారు, ఎంత బాగా పాడారు అని. ఇక్కడ కాసేపు దాన్ని పక్కన పెట్టండి. ఒకే త్యాగరాజ కీర్తనని నలుగురు విద్వాంసులు పాడితే కచేరీలు వినేవాళ్ళు ఏం గమనిస్తారో అలా వినాలి: కీర్తన అదే, మరి ఈయన ఎక్కడ ఆగాడు, ఏ సంగతి వదిలేశాడు, కాలం ఎంత తగ్గించాడు. బ్లాక్‌లిస్ట్‌లో ప్రతి ట్రాకుకీ నేను నాలుగు చూస్తాను. శ్రుతి మార్చారా. నడక మార్చారా, అంటే వేగమూ తాళమూ రెండూ. రిఫ్ ఉంచారా తీసేశారా, రిఫ్ అంటే పాట పొడుగునా తిరిగి తిరిగి వచ్చే ఆ గిటార్ వరస. చివరగా, మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కోపంగా అన్న మాటని వీళ్ళు ఏ భావంతో అన్నారు. ఈ నాలుగింట్లో ఒక్కటీ మార్చని వెర్షన్లు కూడా ఉన్నాయి, వాటికి ఒకసారి వింటే చాలు. నాలుగూ మార్చేసి కూడా పాట గుర్తుపట్టేలా ఉంచినవాళ్ళ దగ్గరే మీ టైమ్ పెట్టండి.

మొదలుపెట్టడానికి 'ది అన్‌ఫర్‌గివెన్' సరైనది. చాలామంది 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' నుంచి మొదలుపెడతారు, పన్నెండు వెర్షన్లు ఒకేసారి మీద పడతాయి, అది తర్వాతకి ఉంచండి. 'అన్‌ఫర్‌గివెన్' ఎందుకంటే, ఆ పాట నిర్మాణమే తిరగేసి ఉంటుంది. మామూలు రాక్ బల్లాడ్‌లో, అంటే నెమ్మదిగా సాగే భావగీతంలో, చరణం మెల్లగా, పల్లవి గట్టిగా వస్తాయి. మెటాలికా కూడా అంతకుముందు అలాగే చేసింది. ఇక్కడ కావాలనే ఉల్టా చేశారు: చరణంలో డిస్టార్షన్‌తో, అంటే గరుకు మోతతో, గిటార్లు మోగుతాయి, హెట్‌ఫీల్డ్ గర్జిస్తాడు, పల్లవి వచ్చేసరికి అంతా తగ్గిపోయి దాదాపు జోలపాటలా పాడతాడు. అంటే ఈ పాట తీసుకున్న ప్రతి అతిథీ ఒక నిర్ణయం తీసుకోక తప్పదు: ఆ తలకిందుల నిర్మాణాన్ని ఉంచాలా, తీసేయాలా. ఏడు వెర్షన్లున్నాయి, ఏడింటికీ ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి చాలు. అసలు పాటలో మొదటి చరణం నుంచి పల్లవిలోకి జారే ఆ చోటు గుర్తు పెట్టుకుని, ప్రతి వెర్షన్‌లో సరిగ్గా ఆ చోటుకి వచ్చినప్పుడు చెవి రిక్కించండి. గాయకుడు మోజెస్ సమ్నీ సన్నటి ఫాల్సెట్టో గొంతుతో పాడాడు, అరవాల్సిన చోట కూడా అరవడు, అక్కడ ఆ ప్రశ్నకి జవాబు ఇంకోలా దొరుకుతుంది. రాక్ బ్యాండ్ కేజ్ ది ఎలిఫెంట్ దగ్గర ఇంకోలా.

ఈ ఏడింట్లో ఒకటి మనవాళ్ళది. విశాల్ దద్లానీ, ముంబై రాపర్ డివైన్, షోర్ పోలీస్ కలిసి చేశారు. షోర్ పోలీస్ అంటే క్లింటన్ సెరెజో, బియాంకా గోమ్స్ ఇద్దరి జట్టు. విశాల్ అంటే మనకి విశాల్-శేఖర్ జంటలో ఒకరుగా తెలుసు, వెంకటేష్ 'చింతకాయల రవి'కి సంగీతం ఆ జంటదే. కానీ ఆయన అంతకంటే ముందు నుంచే, 90ల నుంచే పెంటాగ్రామ్ అనే ముంబై రాక్ బ్యాండ్‌కి గాయకుడు, ఆ గొంతులో ఉన్న గరుకు అక్కడిది. ఈ వెర్షన్‌ని మనవాళ్ళన్న అభిమానంతో వినకండి, దానికి ఆ అవసరం లేదు. డివైన్ హిందీ రాప్ వచ్చే దగ్గర పాట కథే కొంచెం మారుతుంది. అసలు పాటలో పుట్టినప్పటి నుంచి చుట్టూ ఉన్నవాళ్ళ ఆంక్షల కింద నలిగి, ముసలివాడయ్యే దాకా తన జీవితం తాను బతకలేకపోయిన ఒక మనిషి కథ ఉంటుంది. అది ఎక్కడి మనిషైనా కావచ్చు. రాప్ రాగానే ఆ మనిషికి ఒక ఊరు, ఒక వీధి వచ్చేస్తాయి. భాష మారిస్తే పాటకి ఏం కలిసొస్తుందో చూడాలంటే ఈ ట్రాకే వినాలి.

తర్వాత 'శాడ్ బట్ ట్రూ'. రిఫ్ గురించి నేర్చుకోవడానికి ఇదే పాఠం. ఆల్బమ్ తయారవుతున్నప్పుడు పాటలన్నీ ఒకే శ్రుతిలో ఉన్నాయేంటి, ఇంకొంచెం కిందికి దించొచ్చు కదా అని బాబ్ రాక్ అడిగాడు, తీగల్ని ఒక స్వరం పూర్తిగా కిందికి సడలించి వాయిస్తే ఈ పాట బరువు రెట్టింపయింది. వేగం కూడా తక్కువ, ఒక్కో దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోనే బరువంతా. ఇప్పుడు రాయల్ బ్లడ్ వెర్షన్ వినండి: ఆ బ్యాండ్‌లో ఇద్దరే, ఒకరు బేస్, ఒకరు డ్రమ్స్, గిటారిస్టే లేడు. రిఫ్ అంతా బేస్ మీదే మోస్తారు, అయినా నిండుగా ఉంటుంది. దాని వెంటనే శామ్ ఫెండర్ వినండి. నెమ్మదిగా, రిఫ్‌ని పక్కన పెట్టేసి పాడతాడు, అప్పుడు మొదటిసారి ఆ మాటలు వినిపిస్తాయి: మనిషి లోపల కూర్చుని "నువ్వు నేనే" అని చెప్పే గొంతు అది. రిఫ్ ఉన్నప్పుడు అదొక బెదిరింపు, రిఫ్ తీసేస్తే అదొక ఒప్పుకోలు. జేసన్ ఇస్‌బెల్ దాన్ని పూర్తిగా తన అమెరికన్ దక్షిణాది బాణీలోకి లాక్కెళ్ళాడు, నాకు ఈ ఏడింట్లో అన్నిటికంటే ఇష్టమైనది అదే. సెయింట్ విన్సెంట్, కొరియన్ బ్యాండ్ వైబీ, మెక్సికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సౌండ్ కూడా ఉన్నాయి, ఇవన్నీ వేరే రోజు.

వేరే రోజు అని ఊరికే అనడం లేదు. ఒక రోజుకి ఒక పాట, దాని మూడు వెర్షన్లు, అంతకంటే ఎక్కువ వద్దు. నాలుగోదానికి చెవి మొద్దుబారుతుంది, తేడాలు కనిపించడం మానేస్తాయి, మీరేదో పరీక్షకి చదువుతున్నట్టు తయారవుతుంది.

'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ఇంట్లో గిటార్ ఉంటే తీసుకోండి, వాయించడం రాకపోయినా పర్లేదు. ఎడమచేతికి పనే లేదు, ఒక్క తీగా నొక్కక్కర్లేదు. కుడిచేతి బొటనవేలితో అన్నిటికంటే లావు తీగ, అంటే ఆరోది మీటండి. తర్వాత మూడోది, రెండోది, ఒకటోది, మళ్ళీ రెండోది, మూడోది. ఆరు స్వరాలు. ఇంతే, ఆ పాట మొదలయ్యేది ఇదే. జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని అప్పటి గర్ల్‌ఫ్రెండ్‌తో మాట్లాడుతూ, ఖాళీగా ఉన్న రెండో చేత్తో తీగలు మీటుతుంటే పుట్టిందని ఆయనే చెప్పాడు, వాయిస్తే నమ్మబుద్ధేస్తుంది, ఒక చెయ్యి చాలు కాబట్టి. తన కోసం రాసుకున్న పాట అది, బ్యాండ్‌కి వినిపించాలని కూడా అనుకోలేదు. రికార్డింగ్‌లో గిటార్ సోలో కూడా ఆయనే వాయించాడు, బ్యాండ్ లీడ్ గిటారిస్టు కర్క్ హామెట్ ఈ పాటలో లేడు. వెనకాల వినిపించే ఆర్కెస్ట్రా కూర్పు మైకేల్ కేమెన్‌ది.

ఆ ఆరు స్వరాల్ని ఇంకోసారి మీటుతూ "ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు" అని లెక్కపెట్టండి. మన తిశ్ర నడక లాంటిదే. రాక్ పాటలు ఎక్కువగా నాలుగు లెక్కలో నడుస్తాయి, ఇది ఉయ్యాలూగినట్టు ఉండటానికి కారణం ఆ మూడు. ఇప్పుడు అతిథి వెర్షన్లు ఒక్కొక్కటీ పెట్టి తొడ మీద తాళం వేయండి. మూడు మూడుగా పడుతోందా, లేక మీ చెయ్యి తెలీకుండానే నాలుగు లోకి వెళ్ళిపోయిందా? నడక మార్చినవాళ్ళ వెర్షన్‌లో ఉయ్యాల పోయి కాలినడక వస్తుంది, పాట ఎవరికో చెప్పుకుంటున్న మాటలా కాకుండా ఎక్కడికో వెళ్తున్నట్టు ఉంటుంది. సంగీతం నేర్చుకోనివాళ్ళు కూడా ఈ ఒక్క పరీక్షతో పన్నెండు వెర్షన్లనీ రెండు గుంపులుగా విడదీయొచ్చు.

మొదటి రోజు ఈగర్ లెవిట్, ఫీబీ బ్రిడ్జర్స్, క్రిస్ స్టేపుల్టన్, ఈ వరసలోనే. లెవిట్ బీథోవెన్ సొనాటాలు మొత్తం రికార్డు చేసిన పియానిస్టు. ఇక్కడ గొంతు లేదు, డ్రమ్ము లేదు, గిటార్ లేదు, కాబట్టి ఆ ఆరు స్వరాల మహిమ గిటార్‌దా స్వరాలదా అన్నది తేలిపోతుంది. బ్రిడ్జర్స్ దాదాపు గుసగుసలాడినట్టు పాడుతుంది, హెట్‌ఫీల్డ్ దగ్గర ధీమాగా వినిపించిన మాట ఈమె దగ్గర తనకి తాను సర్దిచెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. స్టేపుల్టన్ కంట్రీ గాయకుడు, పాటని సాగదీసి గిటార్‌కి కావలసినంత చోటిచ్చాడు, కంగారుపడకుండా వినాలి, సగంలో ఆపేస్తే ఆయన ఎక్కడికి తీసుకెళ్తున్నాడో తెలీదు.

రెండో రోజు మైలీ సైరస్. 2019 గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం వేదిక మీద ఆమె ఈ పాట పాడింది, ఇక్కడ ఆమె వెనకాల ఉన్న జట్టు చూడండి: పియానో ఎల్టన్ జాన్, చెల్లో యోయో మా, డ్రమ్స్ రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ నుంచి చాడ్ స్మిత్, బేస్ మెటాలికా నుంచే రాబర్ట్ ట్రుహీయో. ఇన్ని పెద్ద పేర్లు ఒకచోట ఉంటే ఎవరికి వాళ్ళు కనిపించాలని చూస్తారేమోనన్న అనుమానం వస్తుంది, అలా జరగలేదు. మొదటిసారి మైలీ గొంతు కోసం వినండి. రెండోసారి పియానో ఒక్కదాన్నే పట్టుకుని వెళ్ళండి. బ్లాక్‌లిస్ట్ వచ్చిన 2021లోనే ఒక రేడియో కార్యక్రమంలో ఎల్టన్ జాన్ ఇప్పటిదాకా వచ్చిన గొప్ప పాటల్లో ఇదొకటని చెప్తుంటే హెట్‌ఫీల్డ్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఆ వీడియో దొరుకుతుంది, ఈ ట్రాకు విన్నాక చూడండి. తర్వాత డిపెష్ మోడ్ గాయకుడు డేవ్ గాన్, ఆయన బరువైన కింది స్థాయి గొంతు. మనలో 90ల్లో క్యాసెట్లు కొన్నవాళ్ళకి రాక్సెట్ గుర్తుంటుంది కదా, ఆ జంటలో మేరీ ఫ్రెడ్రిక్సన్ 2019లో పోయాక పెర్ గెస్లే పీజీ రాక్సెట్ పేరుతో కొనసాగించాడు, ఆయనా ఈ పాటే ఎంచుకున్నాడు. మిగిలినవి, మికీ గైటన్, డెర్మట్ కెనడీ, మోన్ లాఫెర్టె, మై మార్నింగ్ జాకెట్, డేరియస్ రకర్, ట్రెసోర్, ఇంకో రెండు రోజులకి సర్దుకోండి.

ఒక్కో పాటకి ఒకటీ రెండూ మూడూ వెర్షన్లే ఉన్న చోట్లని చాలామంది అసలు చేరుకోరు, ఎక్కువగా ఆల్బమ్ చివర్లో ఉంటాయి కాబట్టి. నన్నడిగితే ఆ చివరే ఈ రికార్డుకి ప్రాణం. 'మై ఫ్రెండ్ ఆఫ్ మిజరీ' అప్పటి బేసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ తెచ్చిన బేస్ వరస మీద కట్టిన పాట, ఆయన దాన్ని మాటల్లేని వాద్యసంగీతంగా ఊహించుకున్నాడు. లాస్ ఏంజిలిస్ సాక్సోఫోన్ విద్వాంసుడు కమాసీ వాషింగ్టన్ దాన్ని జాజ్ చేశాడు, పాట్రిస్ క్విన్ పాడింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పాట వాద్యాల చేతికి మళ్ళీ వచ్చినట్టయింది. 'ది స్ట్రగుల్ వితిన్' మొదట్లో కవాతు డ్రమ్ములు మోగుతాయి, దాన్ని మెక్సికో జంట రోడ్రిగో ఇ గాబ్రియేలా రెండు అకూస్టిక్ గిటార్లతో చేశారు. డ్రమ్స్ లేవు, గాబ్రియేలా గిటార్ పెట్టె మీదే చేత్తో దరువు వేస్తుంది. ఇద్దరూ మెటల్ బ్యాండ్‌లోంచే వచ్చినవాళ్ళు, అంతకుముందు తమ ఆల్బమ్‌లో మెటాలికా వాద్యగీతం ఒకటి వాయించినవాళ్ళు కూడా, అందుకే ఎక్కడ గట్టిగా కొట్టాలో తెలుసు. 'త్రూ ది నెవర్' మంగోలియా బ్యాండ్ ది హూ తమ భాషలో, ఒకే గొంతులోంచి రెండు స్వరాలు పలికించే తమ కంఠగానంతో, గుర్రం తల చెక్కిన మోరిన్ ఖూర్ వాద్యంతో చేసింది. విశ్వం ఎంత పెద్దది, అందులో మనమెంత అనే పాట అది, వాళ్ళ గొంతుల్లో మైదానమంత విశాలంగా వినిపిస్తుంది. దాని పక్కనే నైజీరియా గాయని టోమీ ఓవో పాడిన అదే పాట వింటే, రెండూ ఒకే రికార్డు నుంచి పుట్టాయని నమ్మడానికి కాస్త టైమ్ పడుతుంది.

'ది గాడ్ దట్ ఫెయిల్డ్' వినే ముందు ఒక విషయం తెలిసుండాలి. హెట్‌ఫీల్డ్ తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది, అప్పటికి ఆయనకి పదహారేళ్ళు. వాళ్ళ కుటుంబం క్రిస్టియన్ సైన్స్ విశ్వాసులు, వైద్యం వద్దు ప్రార్థన చాలు అన్న నమ్మకం. ఆ కోపం ఈ పాట. బ్రిస్టల్ బ్యాండ్ ఐడిల్స్, ఐరిష్ గాయని ఇమెల్డా మే, ఇద్దరే దీన్ని తీసుకున్నారు. కోపాన్ని ఒకరు ఎలా పట్టుకున్నారు, ఇంకొకరు ఎలా పట్టుకున్నారు అన్నది మీరే వినాలి, ఇక్కడ నేను ముందే చెప్పడం నాకిష్టం లేదు.

'వేరెవర్ ఐ మే రోమ్' మొదట్లో సితార్ లాంటి ధ్వని వినిపిస్తుంది, ఎలక్ట్రిక్ సితార్ అది. కొలంబియా గాయకుడు జె బాల్విన్ అసలు రికార్డింగ్ ముక్కల్నే తీసుకుని తన రెగెటాన్ దరువు మీద పెట్టుకున్నాడు. ఇది కవర్ కాదు, అంటే పాటని మళ్ళీ పాడి వాయించడం కాదు అని కొట్టిపారేసేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, అసలు పాటలో ఏ ముక్క ఒంటరిగా బతకగలదో పట్టుకోవడం కూడా పాటని చదవడమే.

'ఎంటర్ శాండ్‌మ్యాన్'ని ఇంత దాకా ఆపడానికి కారణం ఉంది, అది అందరికీ అరిగిపోయిన పాట, చెవి కొంచెం పదునెక్కాక వినాలి. రిఫ్ కర్క్ హామెట్ తెచ్చాడు. మొదటి ముక్కని మూడుసార్లు తిప్పి, నాలుగోసారి మాత్రమే తోక వదలమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ సూచించాడు, ఆ సూచన వల్లే అది జనం నోట్లో పడింది. ముక్క, ముక్క, ముక్క, తోక, ఇలా లెక్కపెట్టుకుంటూ వినండి. ఆరు వెర్షన్లలో ఎవరు ఆ లెక్క నిలిపారో ఎవరు తప్పించారో ఇట్టే తెలుస్తుంది. స్వీడన్ బ్యాండ్ ఘోస్ట్ మెల్లగా పియానోతో మొదలుపెడుతుంది, రిఫ్ కోసం మనల్ని ఎదురుచూసేలా చేస్తుంది. అలెసియా కారాతో కలిసి వాయించిన ది వార్నింగ్ మెక్సికోలోని మాంటెర్రే నుంచి వచ్చిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు. 2014లో, చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, ఇదే పాట వాయించిన వీడియోతో ప్రపంచానికి తెలిశారు. ఏడేళ్ళ తర్వాత అదే పాటతో మెటాలికా సొంత రికార్డులోకి వచ్చారు. ముందు యూట్యూబ్‌లో ఆ పాత వీడియో చూసి తర్వాత ఇది వినండి.

'హోలియర్ దాన్ దౌ' ఐదు వెర్షన్లూ, 'డోంట్ ట్రెడ్ ఆన్ మీ' మూడూ ఒకసారి వినేస్తే సరిపోతుంది, వేగం, అల్లరి, అంతకంటే పెద్ద తేడాలు అక్కడ నాకు దొరకలేదు. స్కాట్లాండ్ బ్యాండ్ బిఫీ క్లైరో చేసినది మాత్రం రెండోసారి పెట్టండి.

మీకు ఒక బ్యాండ్ ఉంటే, లేదా కాలేజీ ఫెస్ట్‌కి ఏదైనా పాట మీ పద్ధతిలో చేయాలని ఉంటే, ఇదంతా అక్కడ పనికొస్తుంది. పాటలోంచి ఒక్కటంటే ఒక్కటి ఉంచుకుంటామని ముందు నిర్ణయించుకోండి, రిఫో, స్వరమో, నడకో. మిగతావన్నీ మార్చడానికి ధైర్యం అప్పుడు వస్తుంది. గాయకుడికి సుఖంగా ఉండే శ్రుతికి మార్చేయండి, అసలు శ్రుతిలో పాడటంలో గొప్పేం లేదు. సోలోని స్వరం స్వరం దించే ప్రయత్నం వద్దు, ఈ 53 మందిలో మనసుకి పట్టినవాళ్ళెవరూ ఆ పని చేయలేదు. తెలుగులో మాటలు రాసి పాడాలనుకుంటే ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. హెట్‌ఫీల్డ్ చాలా వాక్యాల్ని ఒక చిన్న హల్లు మీద టక్కున ఆపేస్తాడు, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఆ చివర ఇంకో అర మాత్ర కావాలి. మాటల్ని బలవంతంగా కుక్కితే డబ్బింగ్ పాటలా తయారవుతుంది. వాక్యాన్ని ఒక మాట ముందే ముగించి, ఆ అచ్చుని సాగనివ్వండి, స్వరం దానంతటదే సర్దుకుంటుంది. యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిమ్ వస్తుందని, ప్రకటనల డబ్బు వాళ్ళకే వెళ్ళొచ్చని ముందే తెలుసుకుని పెట్టండి, టెన్షన్ పడాల్సిన పని లేదు. మాటలు మార్చి పాడినదాన్ని అమ్ముకోవాలంటే మాత్రం అనుమతి తీసుకోవాలి.

ఇక ఇంట్లో మెటల్ అంటేనే చెవులు మూసుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి నేను చెప్పిన వరస పనిచేయదు, తిరగేయాలి. ముందు ఈగర్ లెవిట్ పియానో, తర్వాత రోడ్రిగో ఇ గాబ్రియేలా, తర్వాత ఫీబీ బ్రిడ్జర్స్, తర్వాత మైలీ. ఇవి నచ్చితే అప్పుడు అసలు 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' పెట్టండి, స్వరం ఎలాగూ తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ఆ గొంతు వాళ్ళని బెదరగొట్టదు. అక్కడి నుంచి 'ది అన్‌ఫర్‌గివెన్'కి ఒక్క అడుగే, 'శాడ్ బట్ ట్రూ'కి మాత్రం ఇంకో వారం ఆగండి.